చెవితో లెక్కపెట్టిన మగ్గాలు

మొన్న ఒక ఆదివారం, భోజనం చేసి పడకకుర్చీలో కూర్చుని నిద్రకు పేపరు సాయం తీసుకుంటూ ఉంటే, మా మనవరాలు తన కాలేజీ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. దేశం మొత్తం మీద జనం ఎంత పెరిగారు, పొలాల్లోనూ మగ్గాల మీదా మిల్లుల్లోనూ సరుకు ఎంత తయారైంది, ఎన్ని చేతులకు పని ఉండింది అన్న సంగతులన్నీ ఏళ్ల తరబడి వరసగా పేర్చి, వాటిని గీతలుగా గీసిన పుస్తకం అది. గీతలన్నీ ఎడమచేతి వైపు నేలకు అంటుకుని మొదలై, కుడిచేతి వైపు తిరుమల మెట్లలాగా పైపైకి పోతున్నాయి. ఆ పిల్ల ఎడమ చివర, మొట్టమొదటి చుక్క మీద వేలు పెట్టి, ఇది నీ కాలమే కదా తాతా, అప్పుడు మీరంతా ఏం చేస్తుండేవాళ్లు అని అడిగింది. ఆ చుక్క పెడుతుండేవాళ్లం అన్నాను. నా మాటలకు నవ్వడం మా ఇంట్లో అందరికీ అలవాటు కాబట్టి ఆ పిల్లా నవ్వేసి వెళ్లిపోయింది. నేను పుట్టి బుద్ధెరిగాక వేళాకోళం కాకుండా చెప్పిన నాలుగైదు మాటల్లో అదొకటని ఆ పిల్లకు తెలియదు.

నా వయసు వాళ్లకు ఆ రోజుల సంగతి నేను చెప్పనక్కర్లేదు. యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతుండేది గానీ, దాని దుమ్ము మాత్రం మన వంటింట్లో పడేది. కిరసనాయిలు దొరికితే అగ్గిపెట్టె దొరకదు, అగ్గిపెట్టె దొరికితే వండటానికి బియ్యం ఉండవు. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం పెట్టెలు నెత్తిన పెట్టుకుని మా వైపు వచ్చేశారు. తీరా చూస్తే పేలింది మా తిరుపతిలో ఇళ్ల అద్దెలు. మా నాయన గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక బట్టల అంగడిలో గుమాస్తా. నేను ఎస్సెల్సీ పాసై, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఆ ఎదురుచూపునే ఒక ఉద్యోగంలాగా శ్రద్ధగా చేస్తుండేవాణ్ణి. నా నోరు ఊరుకునేది కాదు. ఎవరైనా కష్టాలు చెప్పుకుంటుంటే, సరిగ్గా కన్నీళ్లు వచ్చే చోట నేనొక మాట అనేసేవాణ్ణి, దాంతో ఏడవాల్సినవాళ్లు ఏడవలేక, నవ్వలేక, నన్ను తిట్టేవాళ్లు. అందుకని మా అమ్మ నన్ను పెళ్లిళ్లకు వెంట తీసుకెళ్లేది గానీ చావులకు తీసుకెళ్లేది కాదు.

అట్లాంటి నాకు సర్కారు వారు లెక్కలు రాసే పని ఇచ్చారు. మిల్లుల్లో తయారైన నూలు యుద్ధానికి కావలసిన గుడ్డకే సరిపోవడం లేదని, మిగిలిన కాస్త నూలునూ చేనేత వాళ్లకు కొలిచి పంచాలని పైవాళ్లు అనుకున్నారు. పంచాలంటే ముందు ఏ ఊళ్లో ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయో, వాటి మీద ఎంతమంది నేస్తున్నారో, ఎంత గుడ్డ దిగుతోందో తెలియాలి కదా. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. గుడ్డ కట్టుకున్నవాళ్లకు ఎవరు నేశారో తెలియకపోవడంలో వింతేమీ లేదు గానీ, దేశాన్ని ఏలేవాళ్లకు కూడా తెలియదని తెలిసి నాకు చాలా సంతోషం కలిగింది. ఇన్నాళ్లూ నాకొక్కడికే ఏమీ తెలియదనుకునేవాణ్ణి. మా నాయన అంగడికి వచ్చే ఒక పెద్దమనిషి సిఫారసుతో నన్ను నగరికి పంపారు. అక్కడ మా మేనత్త ఉంది కాబట్టి తిండికీ పడకకూ ఇబ్బంది లేదని నాయన ధైర్యం. సర్కారుకు కావలసింది మగ్గాల లెక్క, నాయనకు కావలసింది నేను కొన్నాళ్లు ఎదురుగా లేకపోవడం.

రేణిగుంటలో రైలు మారి పుత్తూరు దాటితే కిటికీలోంచి నగరి ముక్కు కనబడుతుంది. కొండ చివర మనిషి ముక్కులాగా పొడుచుకొచ్చిన రాయి అది. ఊరి వీధుల్లో పడుగు నూలుకు పట్టించే గంజి వాసన పీల్చీ పీల్చీ ఆ ముక్కు అంత పొడుగైందని మా మామ, అంటే మేనత్త భర్త, బతికున్నప్పుడు అంటుండేవాడు. నా వేళాకోళం నాకు ఎవరి దగ్గర అంటుకుందో దాన్నిబట్టి మీరు ఊహించుకోవచ్చు. ఆయన పోయి అప్పటికి కొన్నేళ్లు. అత్తకు ఇద్దరు ఆడపిల్లలు, వీధి వైపు ఒక గది, ఆ గదిలో నేలలో గుంట, గుంట మీద మామ విడిచిపోయిన మగ్గం. గోడకు అవతల పక్క మామ అన్న, నేను పెద్దమామ అని పిలిచే ఆయన, భార్యతో కాపురం. ఆయన ఇంట్లోనూ అట్లాంటిదే ఒక మగ్గం.

నేను వెళ్లేసరికి అత్త గుంటలో కాళ్లు దించి కూర్చుని చీర నేస్తోంది. తాడు లాగితే నూలు కండె మోసే నాడె అటు పరుగెత్తడం, మళ్లీ లాగితే ఇటు రావడం, ఆ వెంటనే పోగును నొక్కే దెబ్బ, ఆ మూడింటికీ మధ్య కాళ్ల కింది చెక్కల కిర్రు. నన్ను చూసి కూడా ఆమె చెయ్యి ఆపలేదు.

"ఏంరా అల్లుడా, మా మగ్గాలు సూసేదానికి సర్కారోళ్లు నీకు జీతం ఇస్తారా? సూసేదానికే జీతం అయితే, నేసేదానికి నాకెంత ఇయ్యాల?"

"నువ్వు నేస్తా ఉండావని రాసేదానికే అత్తా నాకు జీతం" అన్నాను.

"అయితే బిరబిరా రాసేసి, వచ్చి నూలు కండెలు సుట్టు. పిల్లలు అలిసిపోయినారు" అంది.

అదే రోజు నా మొదటి మగ్గం రాశాను. ఇంటి యజమానురాలు ఫలానా, మగ్గం ఒకటి, ఆడుతున్నది, నేసేవారు ఆమే. ఇంత సులువైన ఉద్యోగం ఉంటుందని తెలిస్తే ఎస్సెల్సీ ఇంకా ముందే పాసయ్యేవాణ్ణి అనుకున్నాను.

మా మీద అజమాయిషీకి చిత్తూరు నుంచి వచ్చిన పెద్దాయనను మీకు పరిచయం చేయాలి. తలపాగా, గుండీలు మెడదాకా పెట్టిన కోటు, ఎండ ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు. ఆయనకు అంకెలంటే భక్తి. ఒక తప్పుడు అంకె రాసినవాడు గుళ్లో చెప్పులతో తిరిగినవాడితో సమానమని మాకు మొదటి రోజే ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ఉపన్యాసం అయ్యేసరికి మాలో ఒకడు నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. నిద్ర వచ్చి తుడుచుకున్నాడని నేను పక్కవాడితో అన్నాను, అది ఆయన విన్నాడు. ఆ పూట నుంచి నా కాగితాలు మిగతావాళ్ల కాగితాల కంటే ఎక్కువ జాగ్రత్తగా చూసేవాడు.

అత్త ఇంటి కాగితం దగ్గర ఆయన గొడుగు ఆగింది. ఆడమనిషి నేస్తోందా అన్నాడు. నేస్తోందన్నాను. ఆడవాళ్లు కండెలు చుడతారు, పడుగుకు గంజి పెడతారు, గుంటలో దిగి నేసేది మగవాడు, ఈ వైపు ఎవర్ని అడిగినా అదే చెబుతారు అన్నాడు. అదీ నిజమే, ఎవర్ని అడిగినా అదే చెప్పారు. నేను వీధి వీధంతా అడిగాను. మీ ఇంట్లో నేసేది ఎవరంటే నేను అన్నాడు ప్రతి మగవాడూ. మరి ఇంట్లో ఆడవాళ్లో అంటే, వాళ్లు ఊరికే ఉంటారప్పా అన్నాడు. ఆ ఊరికే ఉండే ఆవిడ ఒక కాలితో ఊయల తొక్కుతూ, చేత్తో రాట్నం తిప్పుతూ, కంటితో పొయ్యి మీది అన్నం చూస్తూ ఉండేది. ఊరికే ఉండటానికి అంత ఓపిక కావాలని అప్పటిదాకా నాకు తెలియదు.

పెద్దాయన తానే స్వయంగా చూస్తానని అత్త ఇంటికి బయలుదేరాడు. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. మగ్గం గుంటలో కూర్చున్న ఆడమనిషి, బయటి మగవాడు, అందులోనూ పెద్దవాడు గడప తొక్కితే, ఎక్కడిదక్కడ వదిలేసి లేచి తలుపు వారకు వెళ్లి నిలబడాలి. ఆ మర్యాద ఆ వీధిలో ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ వస్తుంది. మేనల్లుణ్ణి కాబట్టి నా విషయంలో ఆ పట్టింపు లేదు. పెద్దాయన చెప్పుల చప్పుడు అరుగు దాకా వచ్చిందో లేదో, లోపల మగ్గం టక్కున ఆగింది. ఆయన తొంగి చూసేసరికి గుంట ఖాళీ, నాడె నిశ్చింతగా పడుకుని ఉంది, తలుపు వెనక చీర కొంగు మాత్రం కనిపిస్తోంది.

"చూసినావా అబ్బీ, మగ్గం ఆగి ఉండాది" అన్నాడు పెద్దాయన, నా అబద్ధం పట్టుకున్నంత సంబరంగా.

"మీరు వచ్చినారు కాబట్టి ఆగింది సార్."

"నేను కండ్లతో చూసింది రాసేవాణ్ణి. చెవిన పడిందల్లా రాసేవాణ్ణి కాదు."

మళ్లీ వెళ్లాడు, మళ్లీ ఆగింది. మధ్యాహ్నం వెళ్లినా, పొద్దున్నే వెళ్లినా, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలాగా వెళ్లినా అంతే. చిత్తూరు కోటూ తలపాగా ఆ వీధి మొగలో తిరిగేసరికే పిల్లలు ముందు పరుగెత్తి కబురు చెప్పేవాళ్లు. లెక్కవాడు చూడటానికి వస్తాడు కాబట్టి మగ్గం ఆగుతుంది, ఆగింది కాబట్టి ఆయన ఆగిన మగ్గమని రాసుకుంటాడు, ఆయన వీధి మలుపు తిరగగానే అది మళ్లీ ఆడుతుంది. కొండ మీద స్వామి ఎప్పుడు చూసినా నిలబడే ఉంటాడు కాబట్టి ఆయనకు కూర్చోవడం రాదని రాసుకున్నట్టు ఉంది సార్ మన పద్ధతి అన్నాను. మేనల్లుడు మేనత్తకు సాక్ష్యం చెబితే చెల్లదని ఆయన అత్త పేరు కొట్టేసి, మగ్గం ఒకటి, ఆగినది, అని తన చేత్తో రాశాడు.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ ఒక్క మాట చాలు అత్త బతుకు కూలిపోవడానికి. నూలు ఆడే మగ్గానికే ఇస్తారు. ఆగిన మగ్గానికి పోగు కూడా రాదు, బయట కొనాలంటే దొంగ బజారు ధర. ఉన్న పడుగు మగ్గం మీది చీరతో అయిపోతుంది. ఆ తర్వాత అత్త మగ్గం విప్పి అటక మీద పెట్టి, గుంట పూడ్చి, గోడకు అవతల పెద్దమామ ఇంట్లో కండెలు చుడుతూ, వాళ్లు పెట్టిన రెండు పూటలూ తింటూ ఉండాలి. ఆమెకు తెలుసు. చిత్తూరుకు కాగితాలు పంపే గడువు ఆ వారం చివరకే.

పెద్దమామ చెడ్డవాడు కాదు. మనిషికి కన్నీళ్లు కాస్త పైపైనే ఉండేవి, అంతే. ఆ సాయంత్రం నేను ఆయన్ను పట్టుకుని, రేపు మా పెద్దాయన దగ్గరికి వచ్చి, మరదలే నేస్తోందని ఒక్క మాట చెప్పమన్నాను. ఆయన పైపంచె తీసి కళ్లకు అద్దుకున్నాడు.

"నా తమ్ముడు పోయిన రోజే ఆ మగ్గమూ సచ్చిపోయిందప్పా!"

"మరి నిన్న చీర దించింది ఎవరు మామా, దయ్యమా?"

పైపంచె కిందికి దిగింది. "ఒరే, మా ఇంటి కోడలు గుంటలో దిగి తాడు లాగతా ఉండాదని సర్కారు కాయితంలో ఎక్కితే, రేపు వీధిలో నేను తలెత్తుకునేదెట్ట? ఆడది నేసిన గుడ్డ అని తెలిస్తే మద్రాసు సేటు ధర కోస్తాడు. ఆడోళ్లకు నేత యాడ వచ్చురా? ఏదో నాలుగు పోగులు ఆడిస్తాది, అంతే."

ఆ మాట గోడ ఇవతలికి వినిపించింది. ఆ రోజు ఆమె నేత చప్పుడు మామూలు కంటే కాస్త గట్టిగా ఉందనిపించింది నాకు.

మరునాడు నేను వీధి చివర కాఫీ అంగడిలో కూర్చున్నాను. దిగులుగా ఉన్నప్పుడు నేను కాఫీ తాగేవాణ్ణి. సంతోషంగా ఉన్నప్పుడూ అంతే, కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలిసేది కాదు. పొద్దు కాస్త ఎక్కగానే వీధి మగవాళ్లంతా అక్కడికే చేరేవాళ్లు. యుద్ధం ఎవరు గెలుస్తారో తేల్చేది వాళ్లే. ఆ రోజు బెంచీల మీద చోటు లేక కొందరు గోడ మీద కూర్చున్నారు. పెద్దమామ మధ్యలో ఉన్నాడు. నేను గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయాను. వీధి వైపు నుంచి మగ్గాల చప్పుడు వస్తోంది. అంతకు ముందూ వచ్చేది, ఇప్పుడూ వస్తోంది, రవ్వంత కూడా తగ్గలేదు. నేసేవాళ్లంతా ఇక్కడ నా ఎదురుగా కాఫీ తాగుతున్నారు. నగరి మగవాళ్లు కాఫీ అంగడిలో కూర్చునే ఇంట్లో గుడ్డ నేయగలరు, ఇంత పనితనం దేశంలో మరెక్కడా లేదు అని పైకే అన్నాను. అందరూ నవ్వారు, పెద్దమామ అందరికంటే గట్టిగా నవ్వాడు. తమ మీదే వేసిన జోకుకు అంత హాయిగా నవ్వినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

ఆ కాఫీ చల్లారేలోపు నాకు దారి కనబడింది. వారానికోసారి మద్రాసు సేటు తరఫున షావుకారు వచ్చి గుడ్డలు పట్టుకెళ్లేవాడు. ఆయన వచ్చే ముందురోజు ఏ ఇంట్లోనూ మగ్గం ఆపడానికి వీల్లేదు, ఎవరి చీర వాళ్లు దించి తీరాలి. సరిగ్గా ఆ ముందురోజు పొద్దున, నూలు ఎట్లా పంచుతారో చెబుతారు, ప్రతి ఇంటి మగవాళ్లూ తప్పకుండా రావాలి అని వీధంతా దండోరా వేయించాను. పెద్దాయనతో మాత్రం, సార్, జనం మీ ఉపన్యాసం వినాలని ఉవ్విళ్లూరుతున్నారు అన్నాను. ఆయన నా మాట నమ్మింది ఆ ఒక్కసారే. అత్తతో కూడా ఒకే మాట చెప్పాను: రేపు ఎవరు వచ్చినా చెయ్యి ఆపొద్దు. "ఎవరొచ్చినానా?" అంది. ఎవరొచ్చినా అన్నాను. ఆమె పిల్లను ముందు కూర్చోబెట్టుకుని జడ వేయడం మొదలుపెట్టింది.

నూలు అనేసరికి మంచాన పడినవాళ్లు కూడా లేచి వచ్చారు. వీధి మధ్యలో, సరిగ్గా అత్త ఇంటి ఎదురుగా ఉన్న పెద్ద అరుగు మీద పెద్దాయనకు కుర్చీ వేశాం. మగవాళ్లంతా కింద బారులు తీరి కూర్చున్నారు. ఇంటి వరస ప్రకారం ఒక్కొక్క యజమానినీ పేరు పెట్టి పిలిచాను. ఉండాను అన్నాడు మొదటివాడు. ఉండాను అన్నాడు రెండోవాడు. మీ ఇంట్లో నేసే మగవాళ్లు ఇంకెవరైనా మిగిలిపోయారా అని ప్రతి ఒక్కర్నీ అడిగాను, ఎవరూ మిగల్లేదన్నారు. పెద్దాయన లేచి గొంతు సవరించుకుని, సర్కారు వారి అంకె అంటే ఏమనుకుంటున్నారు అని మొదలుపెట్టాడు. సరిగ్గా ఉపన్యాసం ఊపందుకునే చోట నేను లేచాను.

"సార్, ఒక్క గడియ మాట్లాడకుండా ఉంటారా?"

ఆయన జీవితంలో ఎవరూ ఆయన్ను అట్లా అడిగి ఉండరు. ఆశ్చర్యంతోనే నోరు మూసుకున్నాడు. జనం కూడా ఏమైందోనని గమ్మున అయిపోయారు. అప్పుడు వినబడింది.

మొదట అత్త మగ్గం. దాని నడక నాకు తెలుసు, తొందర లేకుండా, మధ్యలో ఒక చిన్న విరామంతో. దాని పక్కన ఇంకొకటి, కాస్త వేగంగా. వీధి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, నీళ్ల కొళాయి దగ్గరి మూడిళ్లలో మూడూ. ఒక దెబ్బకు ఇంకొక దెబ్బ జవాబు చెబుతున్నట్టు వీధి రెండు వైపులా టకటకలాడుతోంది. నేసే మగవాళ్లంతా కింద కూర్చుని ఉన్నారు, వాళ్ల మగ్గాలన్నీ ఇళ్లలో ఆడుతున్నాయి. నేను అనుకున్నది అత్త మగ్గం ఒక్కటి వినిపిస్తే చాలునని, మహా అయితే నాలుగైదు ఇళ్లని. ఇంత వీధి ఉందని నాకూ తెలియదు.

కింద కూర్చున్నవాళ్ల ముఖాలు మీరు చూడాల్సింది. ప్రతి మగవాడూ పక్కవాడి మగ్గం చప్పుడు గుర్తుపట్టి వాడి వైపు చూస్తున్నాడు, తన మగ్గం చప్పుడు మాత్రం తనకు తెలియనట్టు ఆకాశం వైపు చూస్తున్నాడు. పెద్దాయన మెల్లగా అరుగు అంచుకు వచ్చి, గొడుగు కొనతో ఒక్కో ఇంటినీ చూపిస్తూ, తల వంచి వింటూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గొడుగు అత్త ఇంటి మీదుగా పోయి పక్కింటి మీద ఆగింది. కాస్త వేగంగా ఆడుతున్న ఆ రెండో మగ్గం అక్కడిదే.

"ఈ ఇల్లెవరిది?"

ఎవరో వెనక నుంచి, "అది మా పెద్దన్నదే సామీ. ఆడోళ్లకు నేత యాడ వచ్చు అంటాడే, ఆయనదే!" అన్నారు. ఒక్కసారిగా వీధి వీధంతా గొల్లున నవ్వింది. పెద్దమామ పైపంచె కళ్ల దాకా తీసుకెళ్లి, అది ఇప్పుడు పనిచేయదని గ్రహించి, మడిచి భుజాన వేసుకున్నాడు.

"మా ఇంటామె సేయి వడి సామీ" అన్నాడు చివరకు, గొంతులో ఎక్కడి నుంచో ఒక గర్వం వచ్చి చేరింది. "నాకంటే వడి. ఇనండి కావాలంటే."

పెద్దాయన అరుగు దిగాడు. నేరుగా అత్త గడప వైపు నడిచాడు, వెనక నేను, నా వెనక వీధంతా. చప్పుడు లెక్కపెట్టించడం నా చేతిలో పని. ఆయన గడప మీద నిలబడితే మగ్గం ఆగకుండా ఉండటం నా చేతిలో లేదు. ఇన్నేళ్లూ లేచి నిలబడిన మనిషి, వీధంతా చూస్తుండగా లేవకుండా కూర్చోవాలి. ఆయన మెట్టు ఎక్కాడు. లోపల నాడె ఒక్క క్షణం ఆగింది. అయిపోయిందనుకున్నాను, నోట్లో ఏదో వెటకారం మాట తయారైంది కూడా, దుఃఖానికి నా దగ్గర ఉన్న మందు అదొక్కటే.

నాడె మళ్లీ కదిలింది. పెద్దాయన గడప మీద నిలబడి ఉన్నాడు, కోటూ తలపాగా గొడుగూ అన్నీ ఉన్నాయి, అత్త గుంటలోనే ఉంది, తాడు లాగుతోంది. ఆయన మనసు కదిలిపోయింది. చెప్పులు విడిచి, అమ్మా, ఈ దేశం తరఫున నేను అని ఇంకా ఏదో మొదలుపెట్టబోయాడు.

"వెలుతురుకు అడ్డం ఉండావు సామీ" అంది అత్త తల ఎత్తకుండానే. "రవ్వంత పక్కకు జరుగు. పోగు కనపళ్లా."

సర్కారు పక్కకు జరిగింది. ఆ ఇంట్లో నాకంటే ముందు ఈ విద్య నేర్చిన గురువు ఇంకొకరున్నారని నాకు ఆ రోజు తెలిసింది. నేను దాచుకున్న వెటకారం మాట ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు, దాని అవసరమే లేకపోయింది.

పక్కకు జరిగి, ఆ వెలుతురులో ఆమె చీర కొంగు పూర్తిచేసేదాకా నిలబడి చూసి, పెద్దాయన ఆమె పేరు అడిగాడు. ఫలానావాడి భార్య, ఫలానావాడి మరదలు అని వెనక నుంచి మగవాళ్లు అందివ్వబోయారు. ఆయన గొడుగు ఎత్తి వాళ్లను ఆపాడు. అత్త తన పేరు తానే చెప్పింది. చెప్పేటప్పుడు చెయ్యి ఆపింది, నాడె మళ్లీ కదిలాక ఆపింది అప్పుడొక్కసారే. ఆ పేరు ఇక్కడ రాయను. అది చెప్పాల్సిన చోట ఆమే చెప్పింది. ఆయన తాను కొట్టేసిన దాని పక్కనే, తన చేత్తోనే, మగ్గం ఒకటి, ఆడుతున్నది, నేసేవారు అని రాసి, ఆ పేరు పెట్టాడు.

ఆ తర్వాత ఆయన ఒక్క అత్త పేరుతో ఆగలేదు. అంకెలంటే భక్తి అని చెప్పాను కదా. ముందే చూసేసిన వీధులన్నింటికీ వెనక్కి వెళ్లి, మగవాళ్లను బయట కూర్చోబెట్టి, తాను అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చుని మళ్లీ లెక్కపెట్టాడు. గడువు దాటిపోయింది. చిత్తూరు నుంచి తాఖీదు వస్తే, నేను నా చెవులతో చూశాను అని జవాబు రాశాడు. ఆ జవాబు చదివి చిత్తూరు ఆఫీసులో ఏమనుకున్నారో మనకు తెలియదు గానీ, కాగితాలు తిరిగి రాలేదు. ఊళ్లో ఇల్లిల్లూ నేసేవారి వరసలో ఆడవాళ్ల పేర్లు ఎక్కాయి. మద్రాసు సేటు ధర కోయలేదు. గుడ్డ దొరకడమే గగనమైన రోజుల్లో దాన్ని నేసింది ఆడదా మగవాడా అని అడిగేంత తీరిక ఆయనకూ లేదు.

నూలు వచ్చిన రోజు అత్త పంపిణీ దగ్గరికి తానే వెళ్లి వరసలో నిలబడింది. గుమాస్తా ఆమె పేరు పిలిచాడు. కట్టలు నెత్తిన పెట్టుకుని వీధిలో నడిచి వస్తుంటే, ఇంటింటి నుంచీ ఆడవాళ్లు బయటికి వచ్చి చూశారు, ఎవరో ఈల కూడా వేశారు. అది నేనేనని అందరూ అన్నారు గానీ, నేను కాదు. పెద్దమామ. ఆ మనిషి ఆ తర్వాత ఎన్నేళ్లు బతికినా కొత్తగా కలిసిన ప్రతివాడికీ తన భార్య చెయ్యి వడి గురించి చెప్పేవాడు, ఆ చెప్పడంలో కళ్లనీళ్లు కూడా పెట్టుకునేవాడు. నేను అడ్డు తగలడం మానేశాను. ఆ మగ్గం మీదే అత్త ఇద్దరు పిల్లల పెళ్లిళ్లూ చేసింది, వాళ్లు కట్టుకున్న చీరలు తానే నేసింది.

మనవరాలి పుస్తకంలో ఎడమ చివర ఉన్నది ఆ చుక్కే. మా పెద్దాయన పంపిన లెక్క చిత్తూరులో ఒక లెక్కలో కలిసి, అది మద్రాసులో ఇంకొక లెక్కలో కలిసి, అది ఢిల్లీలో మరొకదాంట్లో కలిసి, చివరికి పెన్సిలు కొనంత అయ్యిందని నేను అనుకుంటాను. కాకపోవచ్చు కూడా, మా కాగితాలు దారిలో ఎలుకలు తిని ఉండవచ్చు. అయినా ఆ చుక్క మీద వేలు పెడితే నాకు కింద టకటకమని తగులుతుంది. మిగతా చుక్కలన్నీ దాని కంటే ఎంతో ఎత్తున ఉన్నాయి. ఉండనీ, అవి దాని భుజం మీద ఎక్కినవే.

పోయిన ఏడాది ఒక పెళ్లికి నగరి వెళ్లాను. ముక్కు అట్లాగే ఉంది. వీధిలో ఇప్పుడు అన్నీ మరమగ్గాలు, ఒక్కో ఇంట్లో నాలుగేసి. ఆ హోరులో పక్కనున్నవాడు పిలిచినా వినబడదు, ఏ ఇంట్లో ఎవరు నేస్తున్నారో చెవితో చెప్పడం ఆ దేవుడి తరం కూడా కాదు. గుడ్డ మాత్రం మా రోజుల్లో కలలో కూడా ఊహించనంత దిగుతోంది, అందుకు నాకు సంతోషమే. అత్త ఇల్లు ఎవరిదో అయిపోయింది. తలుపు తీసే ఉంటే, అలవాటు కొద్దీ గడప మీద కాలు పెట్టి, లోపల చప్పుడు ఆగుతుందేమోనని నిలబడ్డాను. మగ్గాల మధ్య ఉన్న అమ్మాయి నన్ను చూసి, ఎవరు కావాలి తాతా అంటూ లేచి వచ్చింది. ఆమె వెనక మగ్గం ఆడుతూనే ఉంది.